గుల్ల ఒక మాట, డీఎన్ఏ ఇంకో మాట చెప్తే ప్లాంక్టన్‌కి ఏ పేరు రాయాలి?

“రెండు గుల్లలూ అచ్చం ఒకేలా ఉన్నాయి, సీక్వెన్సులు మాత్రం కలవడం లేదు, ఇప్పుడు ఏ జాతి పేరు రాయాలి?” ప్లాంక్టన్ (నీటిలో తేలుతూ బతికే చిన్న జీవులు) మీద పనిచేసేవాళ్ల నుంచి ఈ ప్రశ్న నాకు ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. సీక్వెన్స్ అంటే చదివిన డీఎన్ఏ అక్షరాల వరుస. కొందరు దీన్నే తిరగేసి అడుగుతారు: గుల్లలు తేడాగా ఉన్నాయి, డీఎన్ఏ ఒకటే వచ్చింది, ల్యాబ్‌లో ఏమైనా కలిసిపోయిందా అని. ప్రతిసారీ విడిగా జవాబు చెప్పే బదులు మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలో ఒకేచోట రాస్తున్నాను.

ఉదాహరణకి నీటిలో తేలే ఫొరామినిఫెరాని తీసుకుంటున్నాను. ఇవి ఒకే కణం ఉన్న జీవులు, కాల్షియం కార్బొనేట్‌తో గదులు గదులుగా గుల్ల కట్టుకుంటాయి. గుల్ల ఆకారాన్ని బట్టి ఇప్పుడు బతికున్న జాతులు దాదాపు 50 అని లెక్క, అంత తక్కువే కాబట్టి గుర్తుపట్టడం తేలికే అనుకుని దిగుతాం. కానీ గుల్ల మొదటి రోజు నుంచే మనుషుల్ని తప్పుదారి పట్టించింది. 1826లో వీటికి ఫొరామినిఫెరా అని పేరు పెట్టిన దోర్బిన్యీ, గుల్ల చుట్టు చూసి ఇవి నత్తగుల్లల బంధువులైన చిన్న సెఫలోపాడ్లు అనుకున్నాడు. 1835లో డ్యుజార్డిన్ బతికున్నవాటిని చూసి ఇవి ఒకే కణం ఉన్న జీవులని చెప్పేదాకా ఆ అభిప్రాయమే నిలిచింది. అలాగని డీఎన్ఏని గుడ్డిగా నమ్మమని నేను చెప్పను. ఆ దారిలో ఎన్ని గోతులున్నాయో కింద మీరే చూస్తారు.

అన్నిటికంటే ముందు గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒకటుంది. ఏ జీవి గుల్లనైతే చూస్తున్నారో అదే జీవి డీఎన్ఏ మీ దగ్గర ఉండాలి. ఒకే వలలో పడ్డాయి కదా అని ఒకదాని గుల్లని, ఇంకోదాని సీక్వెన్సుని జత చేస్తే ఆ పని అంతా వృథా.

కావలసినవి

100 మైక్రాన్ల కన్ను ఉన్న ప్లాంక్టన్ వల (చిన్న జాతులు కావాలంటే 63 మైక్రాన్లది), కెమెరా ఉన్న స్టీరియో మైక్రోస్కోప్, అన్నిటికంటే సన్నని కుంచె, పిపెట్, బాగా వడపోసిన సముద్రపు నీరు, స్కేల్ గీత ఉన్న స్లైడ్, గుల్లలు దాచే గళ్ల స్లైడ్లు, ముందే నంబర్లు వేసిన చిన్న ట్యూబులు, డీఎన్ఏ తీసే బఫర్, చేతి తొడుగులు, ఫ్రీజర్, ఒక స్ప్రెడ్‌షీట్. పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకి ఎన్నో నకళ్లు తీసే పద్ధతి), సీక్వెన్సింగ్ సౌకర్యం మీ దగ్గర లేకపోతే 5వ మెట్టు దాకా చేసి ఆగండి. అలాంటివాళ్ల కోసం చివర్లో విడిగా రాశాను.

1. నమూనా పట్టడం

వలని నెమ్మదిగా, కొద్దిసేపే లాగండి. వేగంగా లాగితే గుల్లల మీది ముళ్లు విరుగుతాయి, పైగా ప్రతి గుల్లకీ ఇతర జీవుల ముక్కలు అంటుకుంటాయి. పట్టిన నీటిని సముద్రపు నీటి వేడిమికి దగ్గరగా నీడలో ఉంచి, వీలైతే అదే రోజు ఏరేయండి. ఏ లోతులో పట్టారో, నీటి వేడిమి ఎంతో, ఏ తేదీనో అప్పుడే రాసుకోండి. చివర్లో తీర్పు ఇచ్చేటప్పుడు ఈ మూడూ లేకపోతే ఇబ్బంది పడతారు.

ఫార్మలిన్ జోలికి వెళ్లొద్దు. అది డీఎన్ఏని పాడుచేస్తుంది, బఫర్ కలపకపోతే యాసిడ్‌గా మారి గుల్లని కూడా కరిగిస్తుంది. వెంటనే ఏరడం కుదరకపోతే గాఢమైన ఎథనాల్‌లో వేసి చల్లగా దాచండి, కానీ నమూనాలోని నీరు ఎథనాల్‌ని పలచబరుస్తుంది కాబట్టి ఒకసారి పారబోసి కొత్తది పోయాలి. ఎథనాల్‌లో వేసినవాటి రంగు పోతుంది, ముళ్లు కూడా చాలావరకు పోతాయని ముందే తెలిసి ఉండండి.

2. బతికున్నదాన్ని ఏరడం

వలలో పడిన ప్రతి గుల్లలోనూ జీవి ఉండదు. ఖాళీ గుల్ల తెల్లగా, గాజులా కనిపిస్తుంది. జీవి ఉన్న గుల్ల లోపల నారింజ, గోధుమ, ఆకుపచ్చ, ఎరుపు ఇలా ఏదో ఒక రంగు నిండి ఉంటుంది. చివరి ఒకటి రెండు గదులు ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు, మొత్తం ఖాళీ అయితే తీసుకోకండి. ఖాళీ గుల్లని ట్యూబులో వేస్తే పీసీఆర్‌లో బ్యాండ్ (డీఎన్ఏ దొరికిందని చూపే గీత) రాకపోవడం ఒక నష్టం. అంతకంటే పెద్ద నష్టం ఏంటంటే, దానికి అంటుకున్న వేరే జీవి డీఎన్ఏ వచ్చి మీరు దాన్నే ఈ గుల్లదనుకుంటారు.

3. శుభ్రం చేయడం

ఏరిన ప్రతి జీవినీ వడపోసిన నీటిలో ఒక గిన్నె నుంచి ఇంకో గిన్నెకి కనీసం మూడుసార్లు మార్చండి, కుంచెతో మెల్లగా దులపండి. ముళ్లున్న జాతులు కోపిపాడ్లని (రొయ్యల బంధువులైన చిన్న జీవులని) పట్టి తింటాయి, వాటి ముక్కలు ముళ్లకే వేలాడుతుంటాయి. చాలా జాతుల లోపల శైవలాలు కూడా కాపురం ఉంటాయి. ఉదాహరణకి గ్లోబిజెరినాయిడిస్ రూబర్ లోపల ఉండేది డైనోఫ్లాజెలేట్ అనే రకం శైవలం. లోపలి శైవలాన్ని కడిగి తీసేయలేం కాబట్టి ఆ సంగతి 7వ మెట్టులో ప్రైమర్లు (ఏ ముక్కకి నకళ్లు తీయాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు) చూసుకుంటాయి. బయట అంటుకున్నదాన్ని తీసేయడం మాత్రం మీ చేతిలోనే ఉంది.

చివరిసారి కడిగిన నీటిలోంచి ఒక చుక్క తీసి విడిగా ఒక ట్యూబులో వేయండి, దానికీ నంబర్ ఇవ్వండి. ఇది ఖాళీ పరీక్ష కోసం. చాలామంది ఇది వదిలేస్తారు, తర్వాత సందేహం వచ్చినప్పుడు తేల్చుకోవడానికి వాళ్ల దగ్గర ఏమీ ఉండదు.

4. ఫోటో తీయడం, అదీ మూడు వైపుల నుంచి

బఫర్‌లో వేయకముందే ఫోటో తీయాలి. చుట్టు కనిపించే వైపు, నోరు ఉన్న వైపు, అంచు, ఈ మూడూ స్కేల్‌తో సహా కావాలి. ఫోటో ఫైల్ పేరూ ట్యూబు నంబరూ ఒకటే పెట్టండి. “తర్వాత పేరు మారుస్తాను” అనుకుంటే ఇరవయ్యో గుల్ల దగ్గర అన్నీ కలిసిపోతాయి. నా మొదటి బ్యాచ్‌లో తొందరపడి ఒక్క వైపు నుంచే తీశాను, అప్పటి పద్ధతి ప్రకారం గుల్లలని నలిపి డీఎన్ఏ తీశాను. ఆ తర్వాత సీక్వెన్సులు రెండు గుంపులుగా విడిపోయాయి, తేడా ఎక్కడుందో వెతుకుదామంటే గుల్లలే లేవు. ఆ బాధ మీకు వద్దు.

ఇక్కడే ఇంకో చిన్న పరీక్ష చేయండి. ఏదైనా అక్షరం రాసిన చిన్న కాగితం ముక్కని గుల్ల పెట్టే చోట పెట్టి ఫోటో తీయండి. కాగితాన్ని ఎటు తిప్పినా అక్షరం అద్దంలో చూసినట్టే కనిపిస్తుంటే మీ కెమెరా సాఫ్ట్‌వేర్ బొమ్మని తిరగేస్తోందని అర్థం. అప్పుడు ఎడమ చుట్టు గుల్లలన్నీ కుడి చుట్టుగా నమోదవుతాయి. బొమ్మ కేవలం తలకిందులైతే నష్టం లేదు, అద్దంలోలా మారితేనే ప్రమాదం.

5. గుల్లని బట్టి తాత్కాలిక పేరు రాసుకోవడం

డీఎన్ఏ ఫలితం రాకముందే ఈ పని ముగించాలి. ఫలితం చూశాక గుల్లని చూస్తే మనకి కావాల్సిందే కనిపిస్తుంది, అది మనిషి స్వభావం. ప్రతి గుల్లకీ ఇవి రాయండి: ముళ్లున్నాయా (విరిగిపోయినా వాటి మొదళ్లు కనిపిస్తాయి), గోడ మీద రంధ్రాలు పెద్దవా చిన్నవా, చివరి చుట్టులో గదులెన్ని, నోరు ఎక్కడుంది, ఎంత పెద్దది, చుట్టు వైపు అదనపు రంధ్రాలున్నాయా, చుట్టు ఎటు తిరిగింది, మొత్తం పరిమాణం ఎంత.

చుట్టు దిశ చూడటానికి గుల్లని చుట్టు కనిపించే వైపు పైకి పెట్టి, లోపలి చిన్న గది నుంచి బయటి పెద్ద గది దాకా కళ్లతో వెంట వెళ్లండి. గడియారం ముల్లు తిరిగే దిశలో వెళ్తే అది కుడి చుట్టు, ఎదురు దిశలో వెళ్తే ఎడమ చుట్టు. నోరు ఉన్న వైపు నుంచి చూస్తే ఇదంతా తిరగబడుతుంది.

వయసు కూడా రాయండి. ఇది నేను ప్రత్యేకంగా చెప్తున్నాను, ఎందుకంటే వచ్చే ప్రశ్నల్లో చాలావాటికి కారణం ఇదే. ఆర్బ్యులినా యూనివర్సా పెద్దయ్యాక నున్నని బంతిలా ఉంటుంది, పిల్లగా ఉన్నప్పుడు మాత్రం గదులు చుట్టుకుని ఉన్న మామూలు గుల్లే. దాన్ని చూసి గ్లోబిజెరినాయిడిస్ అని రాసినవాళ్లు ఎంతమందో! ఇక పునరుత్పత్తికి ముందు చాలా జాతులు గుల్ల మీద మరో పొర వేసుకుంటాయి, ముళ్లు రాల్చేస్తాయి, కొన్ని చివరి గదిని మామూలుకంటే చిన్నగా కడతాయి. ఇవేవీ జాతి తేడాలు కావు.

6. గుల్ల చెడకుండా డీఎన్ఏ తీయడం

రెండు దారులున్నాయి. పాత దారిలో గుల్లని బఫర్‌లో నలిపేస్తారు, పని బాగానే జరుగుతుంది కానీ గుల్ల ఉండదు. రెండో దారిలో గ్వానిడిన్ అనే రసాయనం ఉన్న బఫర్‌లో గుల్లని అలాగే నానబెట్టి వేడి చేస్తారు, కణం కరిగి బయటకొస్తుంది, గుల్ల చెక్కుచెదరకుండా మిగులుతుంది. మీరు రెండో దారే పట్టండి. బఫర్ పాళ్లు, వేడి చేసే సమయం మీ ల్యాబ్‌లో వాడే పద్ధతి ప్రకారమే ఉంచండి, ముందు అంత ముఖ్యం కాని రెండు మూడు గుల్లల మీద ప్రయత్నించి చూడండి.

హెచ్చరిక: గ్వానిడిన్ బఫర్ ఒలికితే బ్లీచ్‌తో తుడవొద్దు. రెండూ కలిస్తే విషవాయువులు వస్తాయి. ల్యాబ్‌లో ఏది ఒలికినా బ్లీచ్ పోసే అలవాటున్నవాళ్లు ఇది మరీ గుర్తుపెట్టుకోండి.

డీఎన్ఏ ద్రవాన్ని వేరే ట్యూబులోకి తీశాక గుల్లని నీటితో కడిగి ఆరబెట్టి, అదే నంబర్‌తో గళ్ల స్లైడులో పెట్టండి. డిస్టిల్డ్ నీరు గాలి తగిలితే కొంచెం యాసిడ్ గుణం పొందుతుంది, కాబట్టి పలచటి గుల్లలని అందులో రాత్రంతా వదిలేయకండి, కడిగి వెంటనే తీసేయండి.

7. పీసీఆర్

ఫొరామినిఫెరాలో ఎక్కువగా వాడేది రైబోసోమ్ చిన్న ఉపభాగం జన్యువు, దాని చివరి భాగంలో సుమారు 1000 అక్షరాల ముక్క. ఫొరామినిఫెరాకి మాత్రమే అతుక్కునే ప్రైమర్లు వాడండి. అన్ని జీవులకీ పనిచేసే ప్రైమర్లు వాడితే లోపలున్న శైవలమో, తిన్న కోపిపాడో ముందొస్తుంది.

ప్రతి రౌండులోనూ డీఎన్ఏ వేయని ట్యూబు ఒకటి, 3వ మెట్టులో దాచిన కడిగిన నీటి ట్యూబు ఒకటి పెట్టండి. ఆ రెండిట్లో దేన్లోనైనా బ్యాండ్ వస్తే ఆ రౌండు మొత్తం పక్కన పెట్టేయాలి. “సన్నగానే వచ్చింది కదా” అని సర్దుకోవద్దు, రెండు విడతల పీసీఆర్‌లో సన్నని మచ్చ కూడా పెద్ద అబద్ధం చెప్పగలదు.

8. సీక్వెన్స్ చదవడం

సీక్వెన్స్ రాగానే పని అయిపోయిందనుకుంటారు. ఇల్లు అలకగానే పండగ కాదు. ముందు శిఖరాల బొమ్మని (యంత్రం ఒక్కో అక్షరాన్నీ ఒక్కో శిఖరంగా గీసేది) కళ్లతో చూడండి. ఒకే చోట రెండు శిఖరాలు మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే రెండు కారణాలుండొచ్చు. ఒకటి, రెండు జీవుల డీఎన్ఏ కలవడం. రెండోది, ఒకే కణంలో ఈ జన్యువుకి చాలా నకళ్లుంటాయి, అవన్నీ అచ్చంగా ఒకేలా ఉండకపోవచ్చు. తేల్చుకోవాలంటే ఆ ముక్కని క్లోనింగ్ చేసి (నకళ్లని వేరు చేసి ఒక్కోదాన్నీ విడిగా పెంచి) నాలుగైదు నకళ్లు విడివిడిగా చదవాలి. అన్ని నకళ్లూ బంధుత్వాలు చూపే చెట్టు మీద ఒకే కొమ్మ మీద కూర్చుంటే అది ఒకే జీవి లోపలి తేడా. రెండు దూరపు కొమ్మల మీదకి వెళ్తే ముందు కల్తీని అనుమానించండి.

ఇది తెలియక ఒకే జీవిలోని రెండు నకళ్లని రెండు కొత్త జాతులుగా చెప్పబోయినవాళ్లని చూశాను. దయచేసి ఒక్క జీవి నుంచి వచ్చిన ఒక్క సీక్వెన్స్ మీద ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

తర్వాత బ్లాస్ట్‌లో (ఇప్పటికే నమోదైన సీక్వెన్సులతో పోల్చే ప్రోగ్రామ్) వెతకండి. పైన వచ్చింది ఫొరామినిఫెరానా కాదా అన్నది చూడండి, దాని పక్కనున్న జాతి పేరుని మాత్రం అప్పుడే నమ్మకండి. జెన్‌బ్యాంక్‌లో (అందరూ సీక్వెన్సులు పెట్టే డేటాబేస్) ఉన్న పేరు దాన్ని పెట్టినవాళ్లు ఆ రోజు అనుకున్న పేరు. పాత ఎంట్రీల్లో గ్లోబిజెరినాయిడిస్ రూబర్ అని ఉన్నవాటిలో కొన్ని ఇప్పటి లెక్కలో గ్లోబిజెరినాయిడిస్ ఎలాంగేటస్. ఆ సీక్వెన్స్‌కి గుల్ల ఫోటో ఉందా అని చూడండి. నీటిలో తేలే ఫొరామినిఫెరా కోసం విడిగా పరిశీలించి సరిదిద్దిన పీఎఫ్ఆర్2 అనే డేటాబేస్ ఉంది, పోల్చడానికి ముందు అక్కడికి వెళ్లడం మంచిది.

9. గుంపులుగా విడదీయడం

మాఫ్ట్ లాంటి ప్రోగ్రామ్‌తో సీక్వెన్సులని వరుస పెట్టండి, ఐక్యూ-ట్రీ లేదా రాక్స్‌ఎమ్ఎల్‌తో చెట్టు గీయండి. ఈ జన్యువులో కొన్ని భాగాలు ఎంత వేగంగా మారతాయంటే దూరపు బంధువుల మధ్య వాటిని వరుస పెట్టడమే కుదరదు. అందుకే అన్ని జాతులనీ ఒకే అలైన్‌మెంట్‌లో కుక్కకుండా, దగ్గరి బంధువులని విడిగా తీసుకుని చేయండి.

“ఎంత శాతం తేడా ఉంటే వేరే జాతి?” అని అందరూ అడుగుతారు. అన్నిటికీ సరిపోయే ఒక్క సంఖ్య లేదు. కొన్ని వంశాల్లో ఈ జన్యువు చాలా నెమ్మదిగా మారుతుంది, కొన్నిట్లో చాలా వేగంగా మారుతుంది. ఒక వంశంలో జాతుల మధ్య ఉండే తేడా ఇంకో వంశంలో ఒకే జాతి లోపల ఉండొచ్చు. చేయాల్సింది ఏంటంటే, మీ గుంపు లోపలి తేడాలన్నీ ఒక గ్రాఫ్‌లో వేసి చూడండి, చిన్న తేడాలకీ పెద్ద తేడాలకీ మధ్య ఖాళీ కనిపిస్తుందా అని. ఏబీజీడీ అనే ప్రోగ్రామ్ చేసే పని ఇదే. పీటీపీ అనే ఇంకో ప్రోగ్రామ్ అయితే చెట్టు కొమ్మల పొడవు మీద లెక్క కడుతుంది. రెండిటితోనూ చేయండి. రెండూ ఒకే గుంపులు ఇస్తే ముందుకెళ్లండి. ఒకటి మూడు గుంపులు అని, ఇంకోటి ఏడు అని చెప్తే తక్కువ సంఖ్య దగ్గర ఆగి, మిగతావాటిని “బహుశా” అని రాసుకోండి. చెట్టు మీద బూట్‌స్ట్రాప్ (కొమ్మని ఎంత నమ్మొచ్చో నూటికి చెప్పే సంఖ్య) 70 కంటే తక్కువున్న కొమ్మని పట్టుకుని జాతిని విడదీయొద్దు.

10. మళ్లీ గుల్ల దగ్గరికి

ఇప్పుడు దాచిన గుల్లలని బయటకి తీయండి. 6వ మెట్టులో గుల్ల మిగలాలని అంతగా చెప్పింది ఇందుకే. వీలైతే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద గోడ రంధ్రాల పరిమాణం, సాంద్రత కొలవండి, చివరి గదుల పొడవు వెడల్పులు కొలవండి. ఏ గుల్ల ఏ జన్యు గుంపుదో కొలిచే మనిషికి తెలియకూడదు. నంబర్లు కలగలిపి ఇంకొకరితో కొలిపించండి. ఒక్కో గుంపుకి 20 నుంచి 30 గుల్లలైనా ఉంటే మంచిది. ఆ కొలతల్లో సగంతో నియమం కట్టి, మిగతా సగం మీద అది పనిచేస్తుందా అని చూడండి. కట్టిన గుల్లల మీదే పరీక్షిస్తే ఏ నియమమైనా బాగానే కనిపిస్తుంది.

11. తీర్పు

గుల్లా డీఎన్ఏ రెండూ ఒకటే అంటే మాట్లాడాల్సిందేమీ లేదు. రెండూ వేరే అంటే కూడా సులువే, కానీ అక్కడ ఒక చరిత్ర ఉంది, తెలుసుకోండి. నియోగ్లోబోక్వాడ్రినా పాకిడెర్మాలో ఎడమ చుట్టువి చల్లని నీటిలో, కుడి చుట్టువి కాస్త వెచ్చని నీటిలో దొరుకుతాయి కాబట్టి, ఒకే జాతి వేడిమిని బట్టి చుట్టు దిశ మారుస్తుందని చాలాకాలం నమ్మారు. డీఎన్ఏ చూస్తే అవి రెండు జాతులు. 2006 నుంచి కుడి చుట్టుదాన్ని నియోగ్లోబోక్వాడ్రినా ఇన్‌కాంప్టా అని రాస్తున్నారు. అయితే ప్రతి జాతిలోనూ 3 శాతం లోపు గుల్లలు ఎదురు దిశలో చుట్టుకుంటాయి. ధ్రువ ప్రాంతపు నీటిలో నూరు ఎడమ చుట్టు గుల్లల మధ్య ఒకటి రెండు కుడి చుట్టువి కనిపిస్తే ఇన్‌కాంప్టా వచ్చిందని రాసేయకండి.

గుల్లలు వేరు, డీఎన్ఏ ఒకటే అనుకోండి. ముందు ట్యూబులు తారుమారు అయ్యాయేమో చూడండి, తర్వాత వయసు చూడండి. అవి రెండూ కాకపోతే నమ్మండి, ఇలాంటివి నిజంగానే ఉంటాయి. ట్రైలోబాటస్ సాక్యులిఫర్‌లో చివరి గది సంచిలా సాగినవి, సాగనివి అంటూ ఆకారాలకి విడివిడి పేర్లుండేవి, డీఎన్ఏలో అవన్నీ ఒకే జాతి అని 2013లో తేలింది. ఇంతకంటే ఆశ్చర్యం నీటిలో తేలే స్ట్రెప్టోకైలస్ గ్లోబిజెరస్. సముద్రం అడుగున బతికే బొలివినా వేరియబిలిస్, ఇదీ ఒకే జాతి అని 2009లో బయటపడింది. పేర్లే కాదు, ప్రజాతులే వేరు! కోకోలిథోఫోర్లలో (సున్నపు పలకలు కట్టుకునే శైవలాల్లో) అయితే ఒకే జీవి జీవితచక్రంలో రెండు దశల్లో రెండు రకాల పలకలు కట్టుకుంటుంది. కోకోలిథస్ పెలాజికస్ ఒక దశని క్రిస్టలోలిథస్ హయలినస్ అని వేరే జాతిగా రాశారు, 1960లో పెంచి చూశాకే రెండూ ఒకటని తెలిసింది. ఈ పరిస్థితిలో రెండు ఆకారాలనీ ఒకే పేరు కింద రాసి, ఆకారం మాత్రం పక్క కాలమ్‌లో ఉంచండి. చెరిపేయకండి, ఆకారం నీటి గురించో వయసు గురించో ఏదో చెప్తుండొచ్చు.

ఇక అందరికీ టెన్షన్ పెట్టేది నాలుగోది: గుల్లలు ఒకటే, డీఎన్ఏ వేరు. ఆర్బ్యులినా యూనివర్సా దీనికి మంచి ఉదాహరణ. అన్నీ బంతులే, కానీ జన్యుపరంగా కరీబియన్, సర్గాసో, మెడిటరేనియన్ అని మూడు రకాలు. అవి వేర్వేరు గుణాలున్న నీటిలో ఎక్కువగా దొరుకుతాయి. తర్వాత గోడ రంధ్రాలు కొలిస్తే గుల్లలో కూడా తేడాలు కనిపించాయి. గ్లోబిజెరినెల్లా సైఫనిఫెరాలోనూ రెండు రకాలని విడదీయడానికి రంధ్రాలే సాయపడ్డాయి. కాబట్టి ఇక్కడ నా సలహా: మూడో సాక్ష్యం వెతకండి. జన్యు గుంపులు లోతులో గానీ, వేడిమిలో గానీ, ప్రాంతంలో గానీ, రంధ్రాల్లో గానీ విడిపోతున్నాయా? హాస్టిజెరినా పెలాజికాలో మూడు జన్యు రకాలు లోతుని బట్టి విడిపోయాయి, అందుకే 1వ మెట్టులో లోతు రాయమన్నాను. మూడో సాక్ష్యం కలిస్తే అవి వేరే జాతులని ధైర్యంగా చెప్పండి. కలవకపోతే జన్యు రకం అని మాత్రమే రాయండి.

ఇది పేరు గొడవ మాత్రమే అనుకోవద్దు. గుల్లలోని మెగ్నీషియం, ఆక్సిజన్ ఐసోటోపులు కొలిచి పాతకాలపు సముద్రం ఎంత వేడిగా ఉండేదో లెక్క కడతారు, ఆ లెక్క జాతిని బట్టి మారుతుంది. వేర్వేరు లోతుల్లో బతికే రెండు జాతులని ఒకే సంచిలో వేస్తే వచ్చే వేడిమి ఏ లోతుకీ చెందని సంఖ్య అవుతుంది.

12. పేరు రాయడం

కొత్త జన్యు గుంపు దొరికిందంటే కొత్త పేరు వచ్చేసినట్టు కాదు. ఫొరామినిఫెరాకి జంతు నామకరణ నియమాలు, డయాటమ్లకీ (సిలికా గుల్ల ఉన్న శైవలాలు) కోకోలిథోఫోర్లకీ శైవలాలు, శిలీంధ్రాలు, మొక్కల నియమాలు వర్తిస్తాయి. రెండిట్లోనూ జాతి పేరు, ఆ పేరు పెట్టినప్పుడు చూపిన మొదటి నమూనాకి కట్టుబడి ఉంటుంది. ఆ మొదటి నమూనా చాలాసార్లు ఇసుకలోనో బురదలోనో దొరికిన ఖాళీ గుల్ల, దానికి డీఎన్ఏ లేదు. అందుకని మీ గుంపుల్లో ఏది పాత పేరుకి సరిపోతుందో పాత బొమ్మలతో పోల్చి తేల్చాలి. పక్కన పెట్టేసిన పాత పేర్లలోనే మీ గుంపుకి సరిపోయేది ఉండొచ్చు. ఎలాంగేటస్, ఇన్‌కాంప్టా అలా తిరిగొచ్చినవే.

ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటిని పట్టుకునే మార్గం

ఒక్క లక్షణం మీద, ముఖ్యంగా చుట్టు దిశ మీదో రంగు మీదో, తీర్పు ఇచ్చేయడం. గులాబీ రంగు రూబర్ హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లో దాదాపు 1,20,000 ఏళ్ల కిందటే కనుమరుగైంది, ఇప్పుడు బతికున్నది అట్లాంటిక్ వైపే. హిందూ మహాసముద్రం నుంచి పట్టిన నమూనాలో గులాబీ గుల్ల కనిపిస్తే, లోపలి కణం రంగు బయటకి కనిపిస్తోందేమో ముందు చూడండి.

ట్యూబులు తారుమారు కావడం. దీన్ని పట్టుకోవడం తేలిక: ప్రతి పదో ట్యూబుగా మీకు బాగా తెలిసిన, అసలు సందేహమే లేని జాతిని పెట్టండి. అది తప్పు చోట వస్తే ఎక్కడినుంచి వరుస జరిగిందో తెలిసిపోతుంది.

నీటిలోని డీఎన్ఏని మొత్తంగా చదివి, ఎన్ని రీడ్స్ (చదివిన ముక్కలు) వస్తే అన్ని జీవులు అనుకోవడం. ఒక్కో కణంలో ఈ జన్యువుకి ఎన్ని నకళ్లుంటాయో జాతిని బట్టి, పరిమాణాన్ని బట్టి బాగా మారుతుంది. రీడ్స్‌ని “ఉంది” “లేదు” అనడానికే వాడండి. లోతైన నీటిలో దొరికిన డీఎన్ఏ పైనుంచి చనిపోయి కిందికి జారినదాంది కూడా కావొచ్చు.

అనుమానం వచ్చిన ఫలితాన్ని రెండోసారి అదే పీసీఆర్ ముక్క నుంచి చదివి “మళ్లీ అదే వచ్చింది” అనుకోవడం. మూల డీఎన్ఏ ట్యూబు నుంచి కొత్తగా పీసీఆర్ చేయాలి, వీలైతే వేరే రోజు, వేరే మనిషి.

వేరే ప్లాంక్టన్ అయితే

డయాటమ్లు, కోకోలిథోఫోర్లు పని చేసేవాళ్లకి ఒక సుఖం ఉంది. ఒక్క కణాన్ని ల్యాబ్‌లో పెంచి వేలు చేయొచ్చు, అదే వంశంలో సగం మైక్రోస్కోప్‌కి, సగం డీఎన్ఏకి. 2005లో స్కెలిటోనీమా కోస్టాటమ్ అన్న ఒక్క పేరు కింద ఉన్నవాటిని చాలా జాతులుగా విడదీయగలిగింది ఇలా పెంచిన వంశాలతోనే. డయాటమ్ గుల్ల సిలికాది కాబట్టి యాసిడ్‌తో శుభ్రం చేస్తారు. అదే పద్ధతి చూసి ఫొరామినిఫెరా మీదో, కోకోలిథోఫోర్ల మీదో యాసిడ్ పోస్తే గుల్ల క్షణాల్లో కరిగిపోతుంది, జాగ్రత్త. రెక్కల నత్తలైన టెరోపాడ్లకి కాక్స్-1 అనే మైటోకాండ్రియా జన్యువు బాగా పనికొస్తుంది. ఉత్తర, దక్షిణ ధ్రువాల దగ్గర ఒకే లిమసినా హెలిసినా ఉందనుకున్నారు, 2010లో ఆ జన్యువులో సుమారు 33 శాతం తేడా బయటపడింది.

డీఎన్ఏ చేసే వీలే లేకపోతే

సముద్రగర్భపు మట్టిలోని పాత గుల్లలతో పనిచేసేవాళ్లందరి పరిస్థితీ ఇదే, చిన్నబుచ్చుకోవాల్సింది లేదు. మీ జాతి మీద ఇప్పటికే జన్యు పని జరిగిందా చూసుకుని, అక్కడ పనికొచ్చిన కొలతలే మీరూ తీసుకోండి. పిల్ల గుల్లలని లెక్కలోంచి తీసేయడానికి 150 మైక్రాన్ల జల్లెడ వాడే అలవాటు చాలా పనుల్లో ఉంది, దాన్నే పాటిస్తే మీ లెక్కలని ఇతరుల లెక్కలతో పోల్చగలుగుతారు. జాతి పేరు రాసేచోట ఆకార రకం అని స్పష్టంగా రాయండి.

ఎంత చేసినా తేలనివి కొన్ని మిగులుతాయి. వాటి స్లైడు మీద దగ్గరి ప్రజాతి పేరు, జన్యు రకం నంబరు, ట్యూబు నంబరు, పట్టిన తేదీ, లోతు రాసి గుల్లని భద్రంగా దాచండి, ఫోటోని, సీక్వెన్స్‌ని అదే నంబర్‌తో డేటాబేస్‌లో పెట్టండి.